చెరకు పిప్పిలో ఇంకా ఏముంది?

సంక్రాంతి రోజుల్లో రాజాం నుంచి చక్కెర ఫ్యాక్టరీ ఉన్న సంకిలి వైపు వెళ్తే చెరకు ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా పోవాల్సిందే. టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల తడి పిప్పి మిగులుతుంది. అది ఫ్యాక్టరీలో బాయిలర్‌కి, ఊళ్లో బెల్లం పెనం కింద పొయ్యికి పోతుంది. మొవ్వు పశువులు తింటాయి. ఇలా మిగిలినవాటి నుంచి మందు తీయొచ్చా అనే ప్రశ్న మీద శాస్త్రవేత్తలు చాలాకాలంగా పనిచేస్తున్నారు.

చెరకు గడ మీద, ముఖ్యంగా కణుపుల దగ్గర, తెల్లని బూడిదలాంటి పొర ఉంటుంది. గోటితో గీకితే వస్తుంది. అది మైనం. గడ ఆడినప్పుడు అందులో కొంత రసంతో పాటు వచ్చి, రసాన్ని శుద్ధి చేసేటప్పుడు మడ్డిలో చేరుతుంది. క్యూబా శాస్త్రవేత్తలు ఈ మైనం నుంచి పోలికోసనాల్ అనే పదార్థం తీసి, చెడు కొలెస్ట్రాల్ బాగా తగ్గుతుందని వరసగా పరిశోధనలు ప్రచురించారు. చాలా దేశాల్లో దాని మాత్రలు అమ్ముడుపోయాయి. 2006లో జర్మనీలో 143 మంది రోగులకు 12 వారాల పాటు కొందరికి ఉత్తుత్తి మాత్రలు, కొందరికి రోజుకు 80 మిల్లీగ్రాముల వరకు అసలు మాత్రలు ఇచ్చి చూశారు. రెంటికీ తేడా కనపడలేదు. చెరకు మైనం పేరుతో వచ్చే ఏ ప్రకటన చూసినా నాకు ముందు ఈ పరీక్షే గుర్తొస్తుంది.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది పిప్పి పీచు మీద. అందులో దాదాపు పావు వంతు జైలాన్ (చక్కెర అణువులు గొలుసులా కలిసిన ఒక రకం పీచు) లాంటి పదార్థాలే. ఎంజైములతోనో, ఒత్తిడి ఆవిరితోనో జైలాన్‌ని చిన్న చిన్న ముక్కలు చేస్తే అవి మన చిన్నపేగులో అరగవు. నేరుగా పెద్దపేగుకి చేరి, అక్కడి మేలు చేసే బిఫిడో బ్యాక్టీరియాకి మేతవుతాయి. మనుషుల మీద జరిగిన చిన్న పరీక్షల్లో కూడా ఈ బ్యాక్టీరియా పెరగడం కనిపించింది. షుగర్, గుండె జబ్బులకి మందని చెప్పడానికి మాత్రం ఇది చాలదు. పిప్పి నుంచి ఫెరూలిక్ ఆమ్లం అనే మొక్కల పదార్థం కూడా తీస్తారు. గాజు నాళికలో అది యాంటీ ఆక్సిడెంట్‌గా బాగా పనిచేస్తుంది, కానీ ఒంట్లో సంగతి వేరు.

ఇదే పిప్పి కుప్పలో తడిసి బూజు పడితే, ఆ దుమ్ము పీల్చినవాళ్లకి బగాసోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. జ్వరం, దగ్గు, ఆయాసం. కుప్పలు కదిపే కూలీలకి మాస్కు తప్పనిసరిగా ఇవ్వాలి.

షుగర్ ఉన్నవాళ్లు పిప్పిని మరగబెట్టి ఆ నీళ్లు తాగితే మంచిదా అని అడిగేవాళ్లున్నారు. దయచేసి తాగకండి. ఇంటి పొయ్యి మీద మరిగిస్తే జైలాన్ చిన్న ముక్కలుగా విడిపోదు. గానుగలో పూర్తిగా పిండని పిప్పిలో ఇంకా తీపి ఉంటుంది కాబట్టి, ఆ నీళ్లలోకి ముందు దిగేది చక్కెరే.