ఒక్క ఓటుతో ముఖ్యమంత్రి దిగిపోయే పద్ధతి మనకెలా వచ్చింది

మొన్న సాయంత్రం చెన్నై టీ.నగర్ పానగల్ పార్కులో వాకింగ్ అయ్యాక మా బాబాయ్ చెప్పులు విడిచి బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని మళ్లీ అదే మాట ఎత్తాడు, అమెరికాలోలాగా ప్రెసిడెంటుకి ఓటేసేస్తే నాలుగేళ్లు నిశ్చింతగా ఉంటుంది కదరా, ఈ ఎమ్మెల్యేల బేరాలూ రిసార్టులూ మనకెందుకు అని. ఆయన విసుగు నాకూ ఉంది. కానీ బాబాయ్, మనం కూర్చున్న పార్కు ఎవరి పేరు మీదుందో ఆయన దగ్గరే ఈ కథ మొదలైంది అన్నాను.

పానగల్ రాజా మన తెలుగాయనే, 1921 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టర్, అంటే ఇప్పటి ముఖ్యమంత్రిలాంటి పదవి. బ్రిటిష్‌వాళ్ల 1919 చట్టం ప్రకారం చదువులు, లోకల్ బోర్డుల్లాంటివి మాత్రమే మంత్రులకిచ్చి పోలీసునీ ఖజానానీ గవర్నర్ తన దగ్గరే పెట్టుకున్నాడు. గవర్నర్‌ని సభ ఏమీ చెయ్యలేదు, మంత్రుల్ని మాత్రం నిలదీయగలదు. 1923 నవంబర్‌లో కట్టమంచి రామలింగారెడ్డి గారు అవిశ్వాసం పెట్టారు, రాజా గారు 65-44తో గట్టెక్కారు. వందేళ్ల కిందట తెల్లోడి పాలనలో, ఇద్దరు తెలుగువాళ్ల మధ్య, ఇదే ఊళ్లో!

అందుకే 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు చెప్పింది నాకు కొత్తగా అనిపించదు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, జవాబుదారీతనం తక్కువ, మన ముసాయిదా జవాబుదారీతనం వైపే మొగ్గింది అన్నారాయన. ఎలక్షన్ దాకా ఆగకుండా ప్రశ్నలతో, తీర్మానాలతో రోజూ లెక్క అడగొచ్చు. అక్కడ ప్రెసిడెంటుని దించాలంటే సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, ఇంతవరకూ ఎవర్నీ అలా దించలేదు, 1974లో నిక్సన్ తనే రాజీనామా చేశాడు.

బాబాయ్ మాట నిజమయ్యే చోటు కూడా ఉంది, 1952. మద్రాసు అసెంబ్లీలో 375 సీట్లకి కాంగ్రెస్‌కి వచ్చినవి 152. మిగతావాళ్లని కూడగట్టి ప్రకాశం గారు మేం రెడీ అన్నా గవర్నర్ పిలిచింది రాజాజీని, ఆయన అసలు పోటీయే చెయ్యలేదు, నామినేషన్ మీద కౌన్సిల్‌కి తీసుకొచ్చారు. ఇది నాకిప్పటికీ మింగుడుపడదు. ఆ ప్రకాశం గారే తర్వాత ఆంధ్ర రాష్ట్రం ముఖ్యమంత్రయ్యి 1954 నవంబర్‌లో కర్నూల్లో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయారు, అప్పటికి ఎనభై రెండేళ్లు. బాధే, కానీ సభలో లెక్కపెట్టి దించారు, ఆయన దిగారు.

నా లెక్కలో రోగమంతా రిజల్ట్స్‌కీ సభలో లెక్కింపుకీ మధ్యలో, గవర్నర్ బంగళాలో ఉంది. 1989లో బెంగళూరులో కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మై గారు సభలో బలం చూపిస్తానన్నా వినకుండా ఆయన ప్రభుత్వాన్ని రద్దు చేశారు. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలోనే అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలతో చెప్పింది 1994లో, అంటే 1952 మద్రాసు తర్వాత నలభై రెండేళ్లకి.