ప్రభుత్వ మ్యాపుల్లో ప్రోగ్రామర్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ మ్యాపుల విభాగంలో ప్రోగ్రామర్ పోస్టులకు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న ప్రతిసారీ ఇలాంటివాళ్లు ఒకరిద్దరు వస్తారు. ఫైలు నిండా రంగురంగుల మ్యాపులు, రెండు మూడు సర్టిఫికెట్లు. "ఈ పట్టికలో ఒకే ఇల్లు రెండుసార్లు పడిందేమో ఎలా కనిపెడతారు?" అని అడిగితే గొంతు తడారిపోతుంది. తెలివైన పిల్లలే, ఎవరి మాటో నమ్మి ఏడాది పోగొట్టుకున్నారు. చూస్తుంటే బాధేస్తుంది.

అపోహ: జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల సమాచారం నడిపే విద్య) డిగ్రీ ఉండాలి, మ్యాపులు గీయడం రావాలి.

సర్వేయర్, కార్టోగ్రాఫర్ (మ్యాపులు తయారుచేసేవారు) పోస్టులకు అలాంటి చదువు అడుగుతారు. ప్రోగ్రామర్ పోస్టు వేరు. మా రోజులో సగానికి పైగా అడ్రస్‌లు సరిచూడటానికే పోతుంది. ఒక రికార్డులో వీధి పేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరాలుంటాయి. ఒకచోట 12ఎ, మరోచోట 12/1. వీధి పేరు మారి ఏళ్లయినా పన్నుల విభాగం నుంచి పాత పేరే వస్తుంది. ఒకే గేటు వెనక నలభై ఫ్లాట్లుంటాయి. ఏది ఏ ఇంటిదో తేల్చి, దానికి ఎప్పటికీ మారని ఒక ఐడీ ఇవ్వాలి. బ్రిటన్‌లో యూపీఆర్‌ఎన్ అనే నంబరు ఉన్నది ఇందుకే. గరిష్ఠంగా 12 అంకెలు. ఇల్లు కూల్చేసినా ఆ నంబరును ఇంకోదానికి ఇవ్వరు.

నేను చేరిన కొత్తలో ఒక కార్యాలయం నుంచి అడ్రస్‌ల ఫైలు వచ్చింది. మ్యాప్ మీద వేస్తే అంతా సవ్యంగానే కనిపించింది. ఎందుకో అనుమానమొచ్చి, ఒక్కో కోఆర్డినేట్ (అక్షాంశ, రేఖాంశాల జత) మీద ఎన్ని రికార్డులున్నాయో, ఒకేలాంటివాటిని గుంపుగా చేసే గ్రూప్ బై ఆదేశం పెట్టి లెక్కేశాను. ఒకే చుక్క మీద మూడు వందలకు పైగా ఇళ్లు! జియోకోడర్‌కు, అంటే అడ్రస్‌ను మ్యాప్ మీద బిందువుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు, ఇంటి నంబరు దొరక్కపోతే వీధి మధ్యలోనో ఊరి మధ్యలోనో ఒక బిందువు ఇచ్చేస్తుంది. మ్యాచ్ ఏ స్థాయిలో కుదిరిందో పక్క కాలమ్‌లోనే ఉంది, ఎవరూ చూడలేదు. ఆ ఫైలు వెళ్లాల్సింది అంబులెన్స్ కంట్రోల్ రూముకు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాన్ని పట్టించింది నాలుగు లైన్ల క్వెరీ.

కాబట్టి ముందు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అలాంటి క్వెరీలు అడిగే భాష) గట్టిగా నేర్చుకోండి. తర్వాత పైథాన్‌తో టెక్స్ట్ శుభ్రం చేయడం, ఆ పైన పోస్ట్‌జీఐఎస్ (డేటాబేస్‌లో మ్యాపుల సమాచారం దాచి లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్). కోఆర్డినేట్ సిస్టమ్‌ల (స్థానాన్ని అంకెల్లో చెప్పే పద్ధతుల) గురించి టెన్షన్ పడకండి, అవసరమైనంత కొద్ది వారాల్లో వస్తుంది. 4326 అనే సిస్టమ్‌లో లెక్క డిగ్రీల్లో ఉంటుంది. వెబ్ మ్యాపులు వాడే 3857లో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దూరం దాదాపు రెట్టింపు చూపిస్తుంది. జియోజేసన్ అనే మ్యాపు ఫైలు పద్ధతిలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. తారుమారైతే ఇల్లు ఎక్కడో సముద్రంలో పడొచ్చు. మొదట్లో అందరం ఇందులో తప్పు చేసినవాళ్లమే.

అపోహ: ఫోన్‌లో మ్యాపులున్నాయి, ఏఐ వచ్చింది, ఇక ఈ పని ఉండదు.

ఈ పుకారు విని విని విసుగొచ్చింది. కొత్తగా కట్టిన ఇంటికి నంబరు ఇచ్చేది యాప్ కాదు, ఆ అధికారమున్న ప్రభుత్వ సంస్థ. రెండు అడ్రస్‌లు ఒకటే కావచ్చని ఏఐ సూచిస్తుంది, మేమూ వాడుతున్నాం. తప్పుగా కలిపేస్తే ఒక కుటుంబం రికార్డు మరో ఇంటికి పోతుంది. దానికి జవాబు చెప్పాల్సింది మనిషే.

అపోహ: అక్కడ అంతా పాత టెక్నాలజీ.

కొంత నిజం. కాలమ్ పేరు పది అక్షరాలు దాటనివ్వని షేప్‌ఫైల్ అనే పాత మ్యాపు ఫైలు పద్ధతి ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. దాని పక్కనే పోస్ట్‌జీఐఎస్, మ్యాపులు చూసి మార్చే క్యూజీఐఎస్ కూడా ఉంటాయి. రెండూ ఉచితం, ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

అపోహ: సిఫార్సు లేనిదే రాదు. అర్హతలు, పరీక్ష, కాంట్రాక్టా శాశ్వతమా అన్నీ ప్రకటనలో ఉంటాయి. అది చదవండి, చాలు.

బిల్లింగ్‌లోనో బ్యాంకింగ్‌లోనో డూప్లికేట్ కస్టమర్లను ఏరిన అనుభవం ఉండి, "మ్యాపులు తెలియవు కదా" అని వెనకాడేవాళ్లు చాలామంది నాకు రాస్తుంటారు. బయోడేటాలో మొదటి లైన్లోనే ఆ పని పెట్టండి: ఎన్ని రికార్డులు, ఏ తప్పు, ఎలా పట్టుకున్నారు. నేను ముందు చూసేది అదే.