ట్రాన్స్ ఫ్యాట్ అరగదని ఎవరన్నారు? అపోహలు - వాస్తవాలు

డైటీషియన్‌గా నేను తరచూ వినే మాట, "ట్రాన్స్ ఫ్యాట్ అంటే ప్లాస్టిక్ అండీ, అరగదు, పేగులకి అతుక్కుపోతుంది" అని. నూనెని హైడ్రోజన్ కలిపి కొంతవరకు గట్టిపరిచేటప్పుడు తయారయ్యే కొవ్వే ఎక్కువగా ఈ ట్రాన్స్ ఫ్యాట్. దాని మీద భయం మంచిదే గానీ కారణమే తప్పు.

అపోహ: అది అరగదు.

వాస్తవం: శుభ్రంగా అరుగుతుంది, అసలు గొడవే అది. చిన్నపేగులోకి రాగానే పైత్యరసం కొవ్వుని సన్నటి బొట్లుగా విడగొడుతుంది, క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమ్ ట్రైగ్లిజరైడ్‌లో (గ్లిజరాల్‌కి మూడు ఫ్యాటీ యాసిడ్లు అతుక్కుని ఉండే కొవ్వు అణువు) ఆ చివరా ఈ చివరా ఉన్న ఫ్యాటీ యాసిడ్లని తెంపుతుంది, మధ్యది మోనోగ్లిజరైడ్‌గా మిగులుతుంది, ఇవన్నీ పైత్య లవణాలతో కలిసి మైసెల్స్ అనే అతిచిన్న ఉండలయ్యి పేగు గోడ కణాల దాకా వెళ్తాయి, కణాల్లోకి దూరాక మళ్ళీ ట్రైగ్లిజరైడ్‌గా కలిసిపోయి కైలోమైక్రాన్లు అనే కొవ్వు మోసే కణికల్లో ఎక్కి ముందు లింఫ్ అనే ద్రవంలోకి, తర్వాత రక్తంలోకి. మామూలు నూనెకీ ఇదే రూటు. లైపేజ్‌కి సిస్సా (మామూలు నూనెల్లో ఉండే, గొలుసు వంగిన రకం) ట్రాన్సా (గొలుసు దాదాపు తిన్నగా ఉండే రకం) అన్న పట్టింపు లేదు, ఎందుకంటే అది తెంపేది గ్లిజరాల్ దగ్గరి బంధాన్ని, తేడా ఉన్నదేమో ఫ్యాటీ యాసిడ్ గొలుసు మధ్యలో. తిన్నదాంట్లో 90 శాతానికి పైనే లోపలికెళ్ళిపోతుంది.

అపోహ: కడుపులో గడ్డకడుతుంది, వేడినీళ్ళు తాగితే కరిగి బయటికి పోతుంది.

ఇది వినడానికి లాజిక్‌లాగే ఉంటుంది. ఎక్కువగా కనిపించే ట్రాన్స్ ఫ్యాట్ ఎలైడిక్ యాసిడ్, అది కరిగేది సుమారు 44 డిగ్రీల దగ్గర, ఒంటి వేడి 37. కానీ దాన్ని విడిగా ఎవరూ తినరు కదా, మిగతా కొవ్వులతో కలిసి మైసెల్‌లో ఉంటుంది కాబట్టి గడ్డకట్టే ప్రసక్తే లేదు. వేడినీళ్ళంటారా, కాసేపట్లో అవీ ఒంటి వేడికే వచ్చేస్తాయి.

అపోహ: ఒకసారి లోపలికెళ్తే జన్మలో పోదు.

పోతుంది. కొంత మామూలు కొవ్వులాగే కణాల్లో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో ఖర్చవుతుంది, కొంత కణాల పొరల్లో, ఒంటి కొవ్వులో చేరుతుంది, తినడం మానేస్తే నెమ్మదిగా తగ్గుతుంది. డీటాక్స్ డ్రింకులకి డబ్బులు తగలేయకండి. అసలు నష్టం లివర్, రక్తం దగ్గర: ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరుగుతుంది, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తగ్గుతుంది. 1990లో నెదర్లాండ్స్‌లో మెన్సింక్, కటాన్ అనే పరిశోధకులు చూపించింది ఇదే. అందుకే రోజు మొత్తం కేలరీల్లో 1 శాతం లోపే ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, 2000 కేలరీలు తినేవాళ్ళకి 2.2 గ్రాముల లోపన్నమాట.

లేబుల్ చదివేవాళ్ళకి ఒక మాట, "పార్షియల్లీ హైడ్రోజనేటెడ్" (హైడ్రోజన్‌తో కొంతవరకే గట్టిపరిచిన నూనె) అని ఉంటే పక్కన పెట్టేయండి. "ఫుల్లీ" అని ఉంటే అందులో ట్రాన్స్ దాదాపు ఉండదు, అయితే అదంతా శాచురేటెడ్ ఫ్యాటే.