ఒక్క మిల్లీమీటరు వంకర

బంపర్‌కి టింకరింగ్, పెయింటింగ్ అయ్యాక మా కారుతో విజయవాడ హైవే ఎక్కాను. ముందు బండిని బట్టి వేగాన్ని తనే సర్దుకునే అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్‌ను 90లో పెట్టాను. మా లేన్ ఖాళీ. ఎడమ లేన్‌లో లారీ ఒకటి నిదానంగా పోతోంది. దానికి ఇంకా చాలా దూరం ఉండగానే కారు దానంతటదే బ్రేకు వేసింది. వెనక బస్సు హారన్ మోత! టెన్షన్‌లో వెంటనే క్రూయిజ్ ఆపేశాను. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఒక్కటీ వెలగలేదు.

ముందు బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో పోతోందో చాలా కార్లలో రాడార్ చెబుతుంది. అది గ్రిల్, లోగో లేదా బంపర్ వెనక ఉంటుంది. సుమారు 77 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటితో లెక్క కడుతుంది. ఎదురొచ్చే అంబులెన్స్ సైరన్ మనల్ని దాటగానే బొంగురుపోతుంది కదా, వేగం లెక్కకు ఆధారం ఆ డాప్లర్ ప్రభావమే.

అసలు కీలకం కోణంలో ఉంది. సెన్సార్ 6 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. దాని ఎడమ అంచు ఒక్క మిల్లీమీటరు లోపలికి జరిగితే చూపు దాదాపు 1 డిగ్రీ ఎడమకు తిరుగుతుంది. 100 మీటర్ల దూరంలో అది 1.75 మీటర్ల తేడా. లేన్ వెడల్పు 3.5 మీటర్లు కాబట్టి చూపు సరిగ్గా లేన్ గీత మీద పడుతుంది. 200 మీటర్లకు పక్క లేన్ నడిమధ్యకు చేరుతుంది. పక్కన పోయే లారీ మన ముందే ఉన్నట్టు కారు పొరబడటానికి అది చాలు.

అందుకే సెన్సార్ మార్చేయమని ఎవరైనా అంటే తొందరపడకండి. ముందు ఆ చోట బురద, స్టిక్కర్ ఉన్నాయేమో చూసి శుభ్రంగా తుడవండి. తర్వాత, ఏ పని చేయించాక ఇది మొదలైందో గుర్తు తెచ్చుకోండి. రాడార్ ముందు పుట్టీ, మందపాటి మెటాలిక్ పెయింట్ పడితే తరంగాలు సరిగా దాటవు. ముందు అద్దం మార్పిస్తే దాని వెనకున్న కెమెరాను మళ్లీ సరిచేయించాలి. క్రూయిజ్ అసలు ఆన్ కాకపోతే మాత్రం దారి వేరు. బ్రేక్ లైట్ స్విచ్, చక్రాల వేగం కొలిచే సెన్సార్లు చూడాలి, స్కానర్ పెట్టి కారు కంప్యూటర్‌లో నమోదైన ఫాల్ట్ కోడ్ చదివించాలి.

రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని కొన్ని సిస్టమ్‌లు పట్టుకోలేవు. అది రిపేరుతో పోయేది కాదు, వాటి పరిమితే అంత. మన హైవేల మీద, ముఖ్యంగా రాత్రిపూట, దయచేసి దీన్ని మరిచిపోకండి.

మా కారుకు రాడార్ పట్టి ఉంచే బ్రాకెట్ కాస్త వంగిందని తేలింది. దాన్ని మార్చి, ముందుగా వీల్ అలైన్‌మెంట్ చేశారు. వెనక చక్రాలు తోసే దిశను బట్టే రాడార్‌కు ‘తిన్నగా’ అంటే ఏమిటో తేలుతుంది మరి. ఆ తర్వాత సమతలమైన నేల మీద కారు నిలిపి, ఎదురుగా లోహపు రిఫ్లెక్టర్ పెట్టి రాడార్‌ను కాలిబ్రేట్ చేశారు, అంటే దాని చూపును తిన్నగా సరిచేశారు. మర్నాడు అదే హైవే మీద, బ్రేకు దగ్గరే కాలు ఉంచి, ఎడమ లేన్‌లో పోతున్న ఒక ట్యాంకర్‌ను దాటాను. స్పీడోమీటర్ ముల్లు 90 దగ్గర నుంచి కదల్లేదు.