అసెంబ్లీ గోడ మీద ప్రకాశం ఎందుకు లేరు?

చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత ప్రశ్నే మళ్లీ తిరుగుతోంది: సెయింట్ జార్జ్ కోటలోని తమిళనాడు అసెంబ్లీ హాల్లో ఇంతమంది పటాలున్నాయి, టంగుటూరి ప్రకాశం పటం ఏది?

పటాల విషయంలో ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు. జమీందారుల రోజుల్లో పటం వేయించుకునే జమీందారే డబ్బిచ్చేవాడు, కుర్చీ, నగ, జరీ అంచు తనకు నచ్చినట్టు పెట్టించుకునేవాడు. అసెంబ్లీ పటాలు మాత్రం ఎక్కువగా మనిషి పోయాక, అధికారంలో ఉన్నవాళ్లు వేయించినవి.

2018 ఫిబ్రవరి దాకా హాల్లో ఉన్నవి పదే. ఆ నెల 12న పదకొండోదిగా జయలలిత నిలువెత్తు పటం వచ్చింది. ఆకుపచ్చ చీర, కింద 'అమైది, వళం, వళర్చి' (శాంతి, సంపద, అభివృద్ధి) అన్న మాటలు. అక్రమాస్తుల కేసులో ట్రయల్ కోర్టు దోషి అన్న మనిషికి సభలో చోటేమిటని డీఎంకే హైకోర్టుకెళ్లింది. అది స్పీకర్ పరిధిలోని విషయమని కోర్టు కొట్టేసింది.

తలుపు అలా తెరుచుకుంది. 2019లో వన్నియర్ కులస్థుల నాయకుడు రామసామి పడయాచ్చి పటం పెట్టారు. అసలు మలుపు 2021 ఫిబ్రవరిలో వచ్చింది. ఎన్నికలు నెత్తిమీదుండగా ఒకేసారి మూడు పటాలు: స్వాతంత్ర్య యోధుడు వి.ఓ. చిదంబరం పిళ్లై, పి. సుబ్బరాయన్, ఓమందూర్ రామస్వామి రెడ్డియార్. ఆగస్టులో కరుణానిధిది. పదికి చేరడానికి దశాబ్దాలు పట్టిన చోట, మూడున్నరేళ్లలో ఆరు!

నా లెక్కలో ఆ ముగ్గురి వరసలోనే నేటి పేచీ అంతా ఉంది. ప్రకాశం గురించి అడిగితే వచ్చే జవాబు ఒకటే: ఆయన ఆంధ్ర తొలి ముఖ్యమంత్రి, పైగా మద్రాసు నగరం ఆంధ్రకే కావాలన్నవాడు. రెండూ నిజమే. కానీ సుబ్బరాయన్ 1926 నుంచి 1930 దాకా ఉమ్మడి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి). ఓమందూర్ రెడ్డియార్ 1947 మార్చిలో గద్దెనెక్కింది ప్రకాశం దిగిపోయిన కుర్చీలోనే. ప్రకాశానికి ముందు పనిచేసినవాడికీ తర్వాత వచ్చినవాడికీ చోటుండి, 1946 ఏప్రిల్ నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవాడికి లేకపోవడమేమిటి? రెడ్డియార్లూ మూలానికి తెలుగువాళ్లేగా అని సర్దిచెప్పేవాళ్లున్నారు. ఆ మాటకొస్తే అదే కుర్చీలో కూర్చున్న తెలుగువాళ్లు పానగల్లు రాజా, మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా పటాలూ లేవు మరి.

ఇక అడిగేవాళ్లు తేల్చుకోవాల్సింది కూడా ఒకటుంది. గ్రూపుల్లో తిరుగుతున్న బొమ్మ 1928లో సైమన్ కమిషన్ వచ్చిన రోజున మద్రాసు ప్యారీస్ కార్నర్ దగ్గర తుపాకులకు రొమ్ము చూపిన ప్రకాశానిది. ఆ బొమ్మ పట్టుకెళ్తే 'గొప్పవాడే, మీ ఊళ్లో పెట్టుకోండి' అంటారు. సభలో చోటు అడగాల్సింది 73 ఏళ్ల వయసులో మద్రాసు ప్రధానిగా ప్రమాణం చేసిన పెద్దాయనకు. చిత్రకారుడికి ఇవ్వాల్సిన ఫొటో 1946 నాటిది.