జెండాలోని సూర్యుడు ఎందుకు నల్లబడ్డాడు?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఐన్‌స్టీన్ జపాను ప్రయాణపు ఫొటోలున్న పాత ఆల్బమ్ నకలు చూసి మీరు అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. జపాను జెండాలో సూర్యబింబం ఎర్రగా ఉంటుంది కదా, ఓడ మీది జెండాలో అది నల్లగా ఎందుకు పడింది అని అడిగారు. అవి నలుపు తెలుపు ఫొటోలు కనుక అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎరుపు బూడిద రంగులోకి మారి ఆగిపోకుండా, ఇంచుమించు సిరా మరకంత నల్లగా ఎందుకు మారిందన్న దానికి అసలు సమాధానం ఆ ఓడలో ప్రయాణించిన మనిషి పరిశోధనలోనే ఉంది.

ముందు ప్రయాణం సంగతి చెబుతాను. 1922 అక్టోబరు 8న ఐన్‌స్టీన్, ఆయన భార్య ఎల్సా ఫ్రాన్సులోని మార్సే రేవులో ‘కితానో మారు’ అనే జపాను ఓడ ఎక్కారు. కైజోషా అనే జపాను ప్రచురణ సంస్థ ఆయనను ఉపన్యాసాలకు ఆహ్వానించింది. ఆ ఏడాది జూన్‌లో జర్మనీ విదేశాంగ మంత్రి వాల్టర్ రాథెనావ్‌ను దుండగులు కాల్చి చంపారు. యూదుడైన ఐన్‌స్టీన్‌కు కూడా అటువంటి ముప్పు ఉందని హెచ్చరికలు రావడంతో, కొంతకాలం దేశానికి దూరంగా ఉండటమే మేలని ఆయన అనుకున్నాడు. డెక్కు మీద ప్రశాంతంగా నిలబడి కనిపించే ఆ మనిషి వెనుక ఇంత కలత ఉన్నదని ఏ ఫొటో చెప్పదు. ఓడ సూయజ్ కాలువ, ఎర్రసముద్రం దాటి, కొలంబో, సింగపూర్, హాంకాంగ్, షాంఘై మీదుగా నవంబరు 17న కోబే రేవు చేరింది. దాదాపు నలభై రోజుల ప్రయాణం.

ఇక జెండా దగ్గరికి వద్దాం. అప్పటి ఫిల్ము మీద జెలటిన్ పూతలో వెండి లవణాల స్ఫటికాలు, ముఖ్యంగా సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు, కంటికి కనిపించనంత సన్నగా పరచుకొని ఉంటాయి. కాంతి తగిలినప్పుడు స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ విడుదలవుతుంది, ఆ ఎలక్ట్రాన్ ఒక వెండి అయానును, అంటే విద్యుదావేశం ఉన్న వెండి కణాన్ని, వెండి పరమాణువుగా మారుస్తుంది. అటువంటి పరమాణువులు కొన్ని ఒకచోట చేరితే చాలు, డెవలపర్ ద్రావణంలో ముంచినప్పుడు ఆ స్ఫటికమంతా నల్లని వెండిగా మారిపోతుంది. స్ఫటికం లోపల ఇదంతా ఎలా జరుగుతుందో గర్నీ, మాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1938లో వివరించారు. అంటే ఆ ఫొటోలు తీసేనాటికి, తీసినవారికి గాని తీయించుకున్నవారికి గాని ఈ వివరం పూర్తిగా తెలియదు.

అయితే అందులోని కీలకాన్ని ఐన్‌స్టీన్ 1905లోనే పట్టుకున్నాడు. కాంతి చిన్న చిన్న శక్తి పొట్లాలుగా వస్తుందని, ఒక్కొక్క పొట్లంలో ఎంత శక్తి ఉంటుందన్నది ఆ కాంతి రంగును బట్టి ఉంటుందని ఆయన ప్రతిపాదించాడు. నీలి కాంతి పొట్లానికి బలం ఎక్కువ, ఎర్ర కాంతి పొట్లానికి తక్కువ. ఎత్తైన కొమ్మ మీది కాయను కొట్టాలంటే అంత ఎత్తుకు వెళ్ళే రాయి ఒక్కటి చాలు. సగం దూరమే వెళ్ళే రాళ్ళను వంద విసిరినా ఆ కాయ రాలదు. ఎర్ర కాంతి పరిస్థితి అదే. సాధారణ ఫిల్ము స్వతహాగా నీలి కాంతికే స్పందిస్తుంది. ప్రత్యేకమైన అద్దకాలు కలిపి దానిని ఆకుపచ్చ కాంతి వరకు స్పందించేటట్లు చేశారు గాని, ఆ రోజుల్లో సామాన్యులు వాడిన ఫిల్ములు ఎరుపును చూడలేకపోయేవి. జెండాలోని తెలుపు నుంచి వచ్చిన కాంతి నెగటివ్ మీద, అంటే వెలుగు నీడలు తారుమారుగా పడే ఫిల్ము మీద, పడి దానిని నల్లబరిచింది, ఎర్రని బింబం ఉన్నచోట మాత్రం నెగటివ్ ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీయే కాగితం మీద ముద్రించినప్పుడు నల్లని బింబమైంది. ఫొటోలు కడిగే చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకోగలిగింది కూడా ఇందువల్లనే. ఆల్బమ్‌లో ఆకాశం ఎప్పుడూ వెలవెలబోతూ కనిపించడానికి కారణం దీనికి వ్యతిరేకమైనది. నీలి కాంతి ఫిల్మును మరీ ఎక్కువగా తాకింది.

ఆ ఫొటోలలో నాకు అన్నిటికన్నా ప్రియమైన సంగతి ఒకటుంది. ఓడ షాంఘైకి సాగుతున్న రోజుల్లోనే 1921 సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని ఐన్‌స్టీన్‌కు ప్రకటించారు. అందరూ అనుకునేటట్లు అది సాపేక్ష సిద్ధాంతానికి ఇచ్చినది కాదు. కాంతి తగిలినప్పుడు లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఎగసిపడే తీరును తెలిపే నియమాన్ని, అంటే కాంతి విద్యుత్ ఫలిత నియమాన్ని, కనుగొన్నందుకు అని ప్రకటనలో ప్రత్యేకించి పేర్కొన్నారు. అదే కాంతి, ఎలక్ట్రాన్లను అదే విధంగా కదిలించి, ఆ రోజుల్లో ఆయన బొమ్మను ఫిల్ము మీద గీస్తూ ఉన్నది.

ఆల్బమ్‌లో లేనివి కూడా మీరు తెలుసుకోవాలి. ఐన్‌స్టీన్ ఆ ప్రయాణంలో డైరీ రాశాడు. కొలంబోలో మనుషులు లాగే రిక్షా ఎక్కినప్పుడు, సాటి మనిషిని అలా వాడుకోవడంలో తానూ పాలుపంచుకున్నందుకు సిగ్గుపడ్డానని అందులో రాసుకున్నాడు. అదే డైరీలో చైనావారి గురించి, మరికొందరి గురించి కఠినమైన, అన్యాయమైన మాటలు కూడా రాశాడు. వాటిని చదివినప్పుడు నాకు బాధ కలిగింది, అయినా మీ దగ్గర దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఒకే మనిషి ఒకే నోటు పుస్తకంలో రాసిన మాటలవి.

నోబెల్ బహుమతి గురించి మాత్రం ఆ డైరీలో ఒక్క ముక్క కూడా లేదు. మీ దగ్గరున్న నకలులో హాంకాంగ్‌కు ముందువి, షాంఘై తరువాతవి అయిన ఫొటోలను పక్కపక్కన పెట్టి, ఆయన ముఖంలో ఏమైనా తేడా కనిపిస్తుందేమో చూడండి. నాకైతే కనిపించలేదు. మీకు కనిపిస్తే తిరుగు ఉత్తరంలో రాయండి.

మీ తాతయ్య