తోస్తే లేచిన కారు

బుజ్జీ,

మొన్న మీ నాన్న రాత్రంతా కారు లైట్లు ఆర్పకుండా వదిలేస్తే, పొద్దున తాళం తిప్పినప్పుడు టక్ టక్ టక్ అని ఊరుకుందని, వీధిలోవాళ్లు నలుగురు తోస్తే గుర్రుమని లేచిందని చెప్పావు కదా. "తోస్తే లేచేదానికి లోపల మోటారెందుకు తాతా?" అన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినాను.

ఇంజను తనంతట తాను లేవలేదురా. గాలినీ పెట్రోలునీ లోపలికి పీల్చుకుని గట్టిగా అదిమితేనే నిప్పురవ్వకు మండుతుంది. పీల్చాలన్నా అదమాలన్నా ముందు అది తిరగాలి. ఎవరో ఒకరు తిప్పాలి.

కదిరి తేరు గుర్తుందా? అంత జనం మోకులు పట్టి లాగినా మొదట కదలదు. వెనక చక్రాల కింద దూలాలు పెట్టి మీటేవాళ్లుంటారు, వాళ్లు ఒక్క ఊపు ఇస్తే చాలు, ఇక మోకులే లాక్కుపోతాయి. నేను మీ ముత్తాత భుజాలెక్కి ఆ దూలాలవాళ్లనే చూసేవాణ్ణి. ఒకసారి జనం తేరు మీదికి విసిరే మిరియాల్లో ఒకటి వచ్చి కంట్లో పడింది, సాయంత్రం దాకా ఏడుపే.

కారులో ఆ దూలంవాడే స్టార్టర్ మోటారు, బ్యాటరీ కరెంటుతో ఇంజన్ను మొదట తిప్పేది. మోకులు లాగే జనం పెట్రోలు. తేరు కదలగానే దూలం లాగేసుకోవాలి, లేకపోతే ప్రమాదం. మోటారు కొసన చిన్న పళ్లచక్రం ఉంటుంది. తాళం తిప్పగానే సోలనాయిడ్ అనే కరెంటు అయస్కాంతం దాన్ని ముందుకు తోస్తుంది, అది ఇంజనుకు బిగించిన పెద్ద చక్రం, ఫ్లైవీల్, పళ్లలో పడి తిప్పుతుంది. చిన్నది పది పన్నెండు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు. ఇంజను అందుకున్నాక తాళం వదిలితే ఆ చిన్నది వెనక్కి వచ్చేస్తుంది.

ఆ కాసేపటికే వంద ఆంపియర్లు దాటి కరెంటు కావాలి. హెడ్‌లైట్లకు పది చాలు, కానీ రాత్రంతా తాగితే బ్యాటరీలో ఏం మిగులుతుంది? ఆ మిగిలిందానితో సోలనాయిడ్ ఎగబడటం, పడిపోవడం, మళ్లీ ఎగబడటం, అదే నువ్విన్న టక్ టక్. రవ్వకు మాత్రం సరిపోయింది. సెకండ్ గేర్లో క్లచ్ వదలగానే చక్రాలకూ ఇంజనుకూ లంకె పడి, చక్రాలే ఇంజన్ను తిప్పాయి, అంటే ఆ రోజు దూలం పట్టింది ఆ నలుగురే. వాళ్లకు టీ అయినా ఇచ్చారా లేదా?

పూర్వం ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్లు, అది ఎదురుతన్ని చేతులు విరిగేవి. 1912లో కెడిలాక్ అనే అమెరికా కార్లలో కెటరింగ్ అనే ఇంజనీరు చేసిన స్టార్టర్ మోటారు వచ్చాక ఆ బాధ తగ్గుతూ వచ్చింది.

ఈ రాత్రి కారు లోపలి లైటు వేయించి, నాన్నను తాళం తిప్పమను. ఆ క్షణం లైటునే చూడు. ఏమైందో, ఎందుకైందో నాకు రాయి.

మీ తాత